ఓడిన కోచ్‌ని తీసేయాలా? సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు



పోస్టు పెద్దదే. అయినా ఓపిగ్గా చివరిదాకా చదవండి. వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే గొడవ. మన కబడ్డీ జట్టు వరసగా మూడో ఏడాది కూడా జోనల్ మీట్‌లో లీగ్ దశలోనే ఇంటికొచ్చేసింది. కోచ్ సార్‌ని మార్చాలని పీఓ గారికి ఇవ్వడానికి వినతిపత్రం తయారైంది. ఇప్పటికే చాలామంది సంతకాలు పెట్టారు. మా హాస్టల్‌కి కూడా ఆ కాగితం వచ్చింది. మా రూములో ఆరుగురం ఉంటాం. ఆరుగురం ఇంకా సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పాలి కదా, అందుకే ఈ పోస్టు.

ముందే చెప్తున్నాం, మేము ఆ సార్‌కి చుట్టాలం కాదు. మాలో ఇద్దరు ఆయన కింద ఆడినవాళ్లు. ఆయన చేత తిట్లు తిన్నవాళ్లు కూడా. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. మాకు ఎవరి మీదా ప్రత్యేకంగా ప్రేమా లేదు, పగా లేదు.

అయితే మేము కబడ్డీతో మొదలుపెట్టడం లేదు. రగ్బీతో మొదలుపెడతాం. నవ్వకండి. మా రూములో రగ్బీ పిచ్చి ఎలా పట్టిందంటే, భువనేశ్వర్‌లోని కిస్‌లో చదివే ఆదివాసీ పిల్లలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 స్కూల్ టోర్నమెంటు గెలిచారు. ఆ కథ మీద ‘జంగిల్ క్రై’ అని 2022లో సినిమా కూడా వచ్చింది. కొండ అవతల మనలాంటి పిల్లలే కదా, ఈ ఆట ఏంటో చూద్దామని ఫోన్లో చూడడం మొదలుపెట్టాం. ఆ తర్వాత వదల్లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టుకి 15 మంది, ఆట 80 నిమిషాలు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, కానీ ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో విసరాలి. అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తర్వాత కాలితో తన్ని గోల్ కొడితే ఇంకో 2. పెనాల్టీ కొడితే 3. పట్టుకుని పడేయడం కబడ్డీలో లాగే ఉంటుంది, అందుకే మనకి తొందరగా అర్థమవుతుంది.

ఈ ఆటలో న్యూజిలాండ్ జట్టుని ఆల్ బ్లాక్స్ అంటారు. మనకి క్రికెట్ ఎలాగో వాళ్లకి ఇది అంతకంటే ఎక్కువ. ఆట మొదలయ్యే ముందు వాళ్లు చేసే హాకా ఆ దేశపు మూలవాసులైన మావోరీలది. ఒకప్పుడు ఇదే జట్టు దక్షిణాఫ్రికా వెళ్లేటప్పుడు అక్కడి వర్ణవివక్షకి తలొగ్గి మావోరీ ఆటగాళ్లని ఇంట్లో వదిలి వెళ్లింది. 1928లో, 1949లో, 1960లో అలా జరిగింది. అంటే హాకా వాళ్లదీ, టికెట్ మాత్రం వాళ్లకి లేదు. ఈ సంగతి తెలిశాక ఆ జట్టు మీద మాకు కోపం, ఆసక్తి రెండూ పుట్టాయి.

ఇప్పుడు అసలు విషయం. 2019 ప్రపంచకప్ తర్వాత ఆ జట్టుకి ఇయాన్ ఫోస్టర్ హెడ్ కోచ్ అయ్యాడు. అంతకుముందు స్టీవ్ హాన్సెన్ కింద 2012 నుంచి అసిస్టెంటుగా చేశాడు. హాన్సెన్ 107 టెస్టుల్లో 93 గెలిపించిన మనిషి. ఆయన కుర్చీలో ఎవరు కూర్చున్నా చిన్నగానే కనిపిస్తారు. పైగా జనానికి స్కాట్ రాబర్ట్‌సన్ అనే ఇంకో కోచ్ కావాలి. క్రూసేడర్స్ అనే జట్టుకి 2017 నుంచి ఏటా టైటిల్ తెచ్చిపెడుతున్నాడు. అంటే ఫోస్టర్ మొదటిరోజు నుంచే జనానికి ఇష్టం లేని అల్లుడు.

2022 జులైలో ఐర్లాండ్ జట్టు న్యూజిలాండ్ వచ్చింది. మొదటి టెస్టులో న్యూజిలాండ్ 42-19తో గెలిచింది. రెండోది డునెడిన్‌లో ఐర్లాండ్ 23-12తో గెలిచింది. న్యూజిలాండ్ గడ్డ మీద ఆల్ బ్లాక్స్‌ని ఐర్లాండ్ ఓడించడం అదే మొదలు. మూడోది వెల్లింగ్టన్‌లో 32-22, అదీ ఐర్లాండ్‌దే. సొంత గడ్డ మీద సిరీస్ పోయింది. ఆగస్టు 6న దక్షిణాఫ్రికాలో 26-10తో మళ్లీ ఓటమి. చివరి ఆరు టెస్టుల్లో ఐదు ఓడిపోయారు. ప్రపంచ ర్యాంకు ఐదుకి పడిపోయింది, ఆ జట్టు అంత కింద ఎప్పుడూ లేదు.

ఆ దేశంలో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. పేపర్లు, టీవీలు, టీ కొట్లు అన్నిచోట్లా ఒకే మాట, తీసేయండి అని. మన గ్రూపు ఈ వారం ఎలా ఉందో అలాగన్నమాట, కాకపోతే దేశం మొత్తం.

ఇక్కడ అక్కడి బోర్డు ఏం చేసిందో చూడాలి. ఐర్లాండ్ సిరీస్ అయిపోగానే ఇద్దరు అసిస్టెంట్ కోచ్‌లని, జాన్ ప్లమ్‌ట్రీని, బ్రాడ్ మూర్‌ని పంపించేశారు. జట్టు ముందు వరస బలం తగ్గింది, ఎదుటివాళ్లు గుంపుగా తోసుకొస్తే ఆపలేకపోతున్నారు. ఆ పని తెలిసిన జేసన్ ర్యాన్‌ని క్రూసేడర్స్ నుంచి తెచ్చారు. ఆగస్టు 13న జోహన్నెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికాని వాళ్ల కోటలోనే 35-23తో కొట్టారు. ఆటగాళ్లు మా కోచ్ మాకు కావాలని ఆయన వెనక నిలబడ్డారు. నాలుగు రోజులకి బోర్డు చెప్పేసింది, 2023 ప్రపంచకప్ దాకా ఫోస్టరే అని. దాడి ఆట చూసుకోవడానికి జో ష్మిట్‌కి బాధ్యత పెంచారు. ఈ ష్మిట్ అంతకుముందు ఐర్లాండ్‌కి ఏళ్ల తరబడి కోచ్. అంటే తమని కొట్టిన జట్టుని కట్టిన మనిషినే పక్కన కూర్చోబెట్టుకున్నారు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. పడలేదు. పది రోజులు తిరక్కుండానే ఆగస్టు 27న అర్జెంటీనా చేతిలో సొంత గడ్డ మీద 25-18తో ఓడారు. అర్జెంటీనా అక్కడ గెలవడం చరిత్రలో అదే మొదటిసారి. ఉంచాలని ఓటేసినవాళ్ల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో! అయినా మాట వెనక్కి తీసుకోలేదు. తర్వాతి వారం అదే అర్జెంటీనాని 53-3తో కొట్టారు. ఆ ఏడాది రగ్బీ ఛాంపియన్‌షిప్ కూడా వాళ్లే గెలిచారు.

2023 ప్రపంచకప్. దానికి ముందు దక్షిణాఫ్రికా చేతిలో 35-7 ఓటమి. మొదటి మ్యాచ్‌లో ఫ్రాన్స్ చేతిలో 27-13 ఓటమి. ప్రపంచకప్ లీగ్ దశలో ఆ జట్టు ఓడడం అదే మొదలు. మళ్లీ తిట్లు. తర్వాత క్వార్టర్‌ఫైనల్లో, వరసగా 17 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన ఐర్లాండ్‌ని 28-24తో ఇంటికి పంపారు. సెమీస్‌లో అర్జెంటీనా మీద 44-6. ఫైనల్లో కెప్టెన్ శామ్ కేన్‌కి మొదటి అర్ధభాగంలోనే రెడ్ కార్డు పడింది. మిగతా ఆటంతా 14 మందితో ఆడి దక్షిణాఫ్రికా చేతిలో 12-11తో ఓడారు. ఒక్క పాయింటు.

“ఓడారు కదా, మరి ఉంచి ఏం లాభం?” అని మా రూములోనే ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. రాబర్ట్‌సన్‌ని అప్పుడే తెచ్చి ఉంటే కప్పు గెలిచేవాళ్లేమో అని కూడా అన్నాడు. అయ్యుండొచ్చు. జరగని మ్యాచ్‌కి స్కోరు ఎవరూ రాయలేరు. మేము చెప్పేది వేరు. ఫోస్టర్‌ని ఉంచడం సరైందని అంటున్నది ఫైనల్‌కి వెళ్లాడని కాదు. ఆరోజు బోర్డు చేతిలో ఉన్న సమాచారంతో అది సరైన పని. ఎక్కడ విరిగిందో వెతికారు, విరిగిన చోట కట్టు కట్టారు, కట్టు పనిచేస్తోందని ఒక మ్యాచ్‌లో కనిపించింది, ఆటగాళ్లు ఇంకా ఆయన మాట వింటున్నారు. అలాంటప్పుడు ప్రపంచకప్ ఏడాది దూరంలో ఉండగా ఇల్లంతా పీకి పందిరి వేయడం ఎందుకు?

పీకి పందిరి వేసినవాళ్లు కూడా ఉన్నారు. ఆస్ట్రేలియా. 2023 జనవరిలో, ప్రపంచకప్ ఎనిమిది నెలల దూరంలో ఉండగా, డేవ్ రెన్నీ అనే కోచ్‌ని తీసేశారు. ఆయన 34 టెస్టుల్లో 13 గెలిచాడు, గొప్ప లెక్క కాదు, ఒప్పుకుంటాం. కానీ ఆయన స్థానంలో పేరున్న ఎడ్డీ జోన్స్ ఖాళీగా దొరికాడని ఐదేళ్ల ఒప్పందం ఇచ్చేశారు. ఆయన వచ్చి అనుభవమున్న మైకేల్ హూపర్‌ని, క్వేడ్ కూపర్‌ని పక్కనపెట్టి కుర్రాళ్లని తీసుకెళ్లాడు. ఫిజీ చేతిలో 22-15 ఓటమి. వేల్స్ చేతిలో 40-6 ఓటమి. ఆస్ట్రేలియా ప్రపంచకప్ లీగ్ దశలోనే బయటికి రావడం అదే మొదటిసారి. ఆ ఏడాది తొమ్మిది టెస్టుల్లో గెలిచింది రెండే, అవి జార్జియా మీద, పోర్చుగల్ మీద. అక్టోబరు చివరికి జోన్స్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఐదేళ్ల ఒప్పందం పది నెలలు కూడా నిలవలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు కదా, అదే. ఆ తర్వాత వాళ్లు పిలిచింది ఎవరినో తెలుసా? ఫోస్టర్ పక్కన కూర్చున్న అదే జో ష్మిట్‌ని.

అయితే మార్చడం ఎప్పుడూ తప్పేనా? కాదు. అదే ఎడ్డీ జోన్స్‌ని అంతకుముందు నెలలోనే ఇంగ్లండ్ తీసేసింది. 2019లో ఇంగ్లండ్‌ని ప్రపంచకప్ ఫైనల్‌కి తీసుకెళ్లినవాడు ఆయనే. కానీ 2022లో 12 టెస్టుల్లో 5 గెలిచి, 6 ఓడి, ఒకటి సమం చేశాడు. ఆయన స్థానంలో స్టీవ్ బోర్త్‌విక్ వచ్చాడు. మొదట్లో తడబడ్డాడు, సొంత మైదానంలో ఫిజీ చేతిలో కూడా ఓడాడు. అయినా ప్రపంచకప్ సెమీస్‌లో దక్షిణాఫ్రికా చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 16-15తో ఓడి, మూడో స్థానం తెచ్చుకున్నాడు. కాబట్టి మార్చినా బాగుపడొచ్చు.

ఉంచితే పాడవడం కూడా ఉంది. వేల్స్ సంగతి చూడండి. వారెన్ గాట్‌లాండ్ అక్కడ దేవుడిలాంటివాడు. మొదటి విడతలో 2008, 2012, 2019లో మూడు గ్రాండ్ స్లామ్‌లు తెచ్చాడు. 2022 డిసెంబరులో మళ్లీ పిలిచారు. 2024 మార్చిలో ఇటలీ చేతిలో ఓడాక తానే వెళ్లిపోతానన్నాడు. వద్దని ఉంచారు. ఆ ఏడాది మొత్తంలో ఒక్క టెస్టు కూడా గెలవలేదు. 2025 జనవరి చివర్లో ఫ్రాన్స్ చేతిలో 43-0, ఫిబ్రవరిలో ఇటలీ చేతిలో 22-15. వరసగా 14 ఓటములయ్యాక వెళ్లిపోయాడు.

అక్కడితో అయిపోయిందా? లేదు. తాత్కాలిక కోచ్ వచ్చాడు. మళ్లీ ఓడారు. సొంత మైదానంలో ఇంగ్లండ్ చేతిలో 68-14. లెక్క 18 దాకా పోయింది. చివరికి 2025 జులైలో జపాన్ మీద 31-22తో గెలిచి ఊపిరి పీల్చుకున్నారు. కోచ్ పోయాడు కానీ ఓటములు పోలేదు. ఎందుకు? అలున్ విన్ జోన్స్, డాన్ బిగ్గర్ లాంటి పెద్ద ఆటగాళ్లు ఒకేసారి తప్పుకున్నారు. చురుకైన కుర్రాడు రీస్-జామిట్ అమెరికా ఫుట్‌బాల్ ఆడతానని వెళ్లాడు. కింద ఉన్న క్లబ్బుల్లో డబ్బు లేదు. 2023లో ఒప్పందాల కోసం ఆటగాళ్లు సమ్మె చేస్తామనేదాకా వెళ్లింది. వేరు ఎండుతుంటే ఆకుల మీద నీళ్లు చల్లినట్టు, కోచ్‌ని ఉంచినా ఒకటే, తీసినా ఒకటే.

ఈ నాలుగు దేశాలని చూశాక మాకు అర్థమైంది ఏంటంటే, “ఓడాడు కాబట్టి తీసేయాలి” అన్నదీ తప్పే, “పాపం పెద్దాయన, ఉంచాలి” అన్నదీ తప్పే. రెండూ ఆలోచించకుండా చెప్పే మాటలు. అడగాల్సిన ప్రశ్నలు నాలుగు.

ఒకటి. ఆయన చేతికి ఏమిచ్చాం? ఆటగాళ్లు, సమయం, సామాన్లు, తిండి. ఇవ్వనిదానికి జవాబు చెప్పమనడం అన్యాయం.

రెండు. ఓటమి ఎక్కడ పుట్టింది? ఆయన తీరులోనా, ఆయన పైన ఉన్నవాళ్ల దగ్గరా, కింద పునాదిలోనా? ఆయన తీరులో పుట్టిందే ఆయనతో పోతుంది.

మూడు. ఆటగాళ్లు ఇంకా ఆయన మాట వింటున్నారా? ఫోస్టర్‌ని కాపాడింది ఇదే. ఆటగాళ్ల మనసు విరిగిపోతే ఎంత పెద్ద కోచ్ అయినా దండగే.

నాలుగు. తర్వాత ఎవరు? పేరు చెప్పాలి, తేదీ చెప్పాలి. “ఎవరో ఒకరు వస్తారులే” అన్నది జవాబు కాదు.

నాలుగో ప్రశ్న దగ్గర మేమెందుకు ఇంత గట్టిగా ఉన్నామో చెప్పాలి. ఇది మేము ఇప్పటిదాకా గ్రూపులో చెప్పలేదు.

మాలో నలుగురం ఒకే ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాం. మేము తొమ్మిదిలో ఉండగా పదో తరగతి ఫలితాలు బాగా పడిపోయాయి, లెక్కల్లోనే ఎక్కువమంది తప్పారు. లెక్కల సార్ సీఆర్‌టీ. కోపిష్టి. అందరూ ఆయన్నే అన్నారు. ఒక కాగితం వచ్చింది, మా చేత సంతకాలు పెట్టించారు. మేము సంబరంగా పెట్టాం, హోంవర్క్ తిట్లు తప్పుతాయని. కాంట్రాక్టు మనిషి కదా, ఒక్క కాగితంతో పోయాడు. జూన్‌లో మేము పదిలోకి వచ్చాం. లెక్కల సార్ లేడు. జులై అయింది, దసరా అయింది. డిసెంబరులో ఒకాయన వచ్చాడు, అప్పటికి సగం పుస్తకం తెరవలేదు. మా నలుగురిలో ఇద్దరం లెక్కల్లో తప్పాం. సప్లిమెంటరీ రాసి గట్టెక్కాం. మాతో చదివిన ముగ్గురు గట్టెక్కలేదు. ఇప్పుడు ఒకడు విజయవాడలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా మాకు ఆ కాగితం గుర్తొస్తుంది.

తర్వాత ఎప్పుడో తెలిసింది, ఆ ఏడాది ఫలితాలు పడిపోవడానికి ముందు ఆ సార్ ఒక్కడే ఐదు తరగతులకి లెక్కలతో పాటు ఫిజిక్స్ కూడా చెప్పాడని. రెండో పోస్టు ఖాళీ. ఖాళీగా ఉన్న కుర్చీ మీద ఎవరూ కాగితం రాయలేదు. కూర్చుని ఉన్న మనిషి మీద రాశారు. మనం కూడా సంతకం పెట్టాం.

ఇప్పుడు మన కబడ్డీ సార్ దగ్గరికొద్దాం. నాలుగు ప్రశ్నలూ నిజాయితీగా వేసుకుందాం.

ఏమిచ్చాం? మీట్ జరిగేది మ్యాట్ మీద. మన పిల్లలు ప్రాక్టీసు చేసేది మట్టి మీద. మ్యాట్ మీద బూట్లతో ఆడాలి, కాలు పట్టు వేరు, మలుపు వేరు. మాలో ఆడినవాళ్లకి తెలుసు, మొదటి రైడ్‌లోనే జారి పడ్డాం. జట్టుని ఎంపిక చేశాక కలిపి ప్రాక్టీసు చేయించింది తొమ్మిది రోజులు. క్యాంపులో గుడ్డు వారానికి మూడు రోజులు. ఎదుటి జట్లు నెలల తరబడి ఒకేచోట ఉండి తయారై వచ్చాయి.

ఎక్కడ పుట్టింది? సగం పైన పుట్టింది. కానీ సగం సార్ దగ్గరే పుట్టింది, దాచడం ఎందుకు? ఎంపికలో తన మండలం పిల్లలే ఎక్కువ కనిపిస్తున్నారని అందరూ అంటున్నారు, మేమూ చూశాం. మంచి కార్నర్ ఆడే ఇద్దరు కుర్రాళ్లని పిలవనే లేదు. మూడేళ్లుగా అదే ఒక్క రైడర్ మీద ఆధారపడుతున్నారు. వాడు అవుటైతే కోర్టు ఖాళీ. ఇవి సార్ జవాబు చెప్పాల్సిన విషయాలు.

మాట వింటున్నారా? జట్టులో ఉన్న పన్నెండు మందిలో తొమ్మిది మందిని మేము అడిగాం. ఏడుగురు సార్ ఉండాలన్నారు. ఇద్దరు వద్దన్నారు. ఆ ఏడుగురిలో నలుగురు సార్ మండలం వాళ్లు కాదు. వినతిపత్రం రాసినవాళ్లు వీళ్లలో ఒక్కరినీ అడగలేదు. ఆడేవాడిని అడక్కుండా కోచ్‌ని ఎలా మారుస్తాం?

తర్వాత ఎవరు? కాగితంలో లేదు. “అర్హులైన వారిని నియమించగలరు” అని ఉంది, అంతే. మన ఏజెన్సీలో ఆ వాక్యానికి అర్థమేంటో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఖాళీ. వచ్చే ఏడాది పిల్లలు కోచ్ లేకుండానే మీట్‌కి వెళ్తారు, లేదా వెళ్లరు.

కాబట్టి మా మాట ఇది. ఆ కాగితం చింపేయమని అనడం లేదు, మార్చి రాద్దాం అంటున్నాం. న్యూజిలాండ్ వాళ్లు చేసినట్టు విరిగిన చోట కట్టు కట్టమని అడుగుదాం. ఒకటి, ఎంపిక అన్ని మండలాల పిల్లలని పిలిచి అందరి ముందు జరగాలి, సార్ ఒక్కడే కాకుండా ఇంకో ఇద్దరు పీఈటీలు కూర్చోవాలి. రెండు, డిఫెన్స్ నేర్పడానికి మన పాత ఆటగాళ్లలో ఒకరిని అసిస్టెంటుగా పెట్టాలి. మూడు, కనీసం ఒక మ్యాట్, నెల రోజుల క్యాంపు, రోజూ గుడ్డు. ఇవి ఇచ్చి ఒక ఏడాది చూద్దాం. అప్పుడు కూడా జట్టు ఇలాగే ఆడితే, సార్‌ని మార్చమని మొదటి సంతకం మాదే.

“మ్యాట్ ఎలాగూ ఇవ్వరు, సార్‌ని తీయడం ఒక్కటే మన చేతిలో ఉంది” అని ఒక అన్న రాశారు. ఆ మాట మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. నిజమే, మనకి అందేది ఆ మెడ ఒక్కటే. కానీ అందింది కదా అని పట్టుకోవడం న్యాయం కాదు. పైవాళ్లకి కూడా అదే కావాలి. సార్ పోతే ఫైలు మూసేస్తారు, సమస్య తీరిపోయిందని రాసుకుంటారు. మ్యాట్ సంగతి ఎవరూ ఎత్తరు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కోచ్‌లు సాకులు చెప్తారని మనం అంటాం. మరి మద్దెల నిజంగానే చిల్లు పడితే?

ఇంకో మాట. ఇక్కడ మాట్లాడుతున్నది ఓటముల గురించే. పిల్లల మీద చెయ్యి చేసుకునేవాడు, ఎంపికకి డబ్బులడిగేవాడు, ఆడపిల్లలతో తప్పుగా ఉండేవాడు, వీళ్లకి నాలుగు ప్రశ్నలు లేవు. వాళ్లు కప్పు తెచ్చినా అదేరోజు పోవాలి. దాన్నీ దీన్నీ కలపొద్దు.

న్యూజిలాండ్ వాళ్లని మరీ ఆకాశానికి ఎత్తడం లేదు. 2023 మార్చిలో, ప్రపంచకప్ ఇంకా ఆరు నెలలు ఉండగానే, తర్వాతి కోచ్ రాబర్ట్‌సన్ అని ప్రకటించేశారు. ఫోస్టర్ ఆ ఆరు నెలలూ, వెళ్లిపోయే మనిషి అన్న ముద్రతోనే జట్టుని నడిపాడు. ఫైనల్ దాకా నడిపాడు. తీసేసినా ఉంచినా మనిషికి మర్యాద ఉండాలి. మన కాగితంలో సార్ గురించి వాడిన రెండు మాటలు మాకు నచ్చలేదు. అవి తీసేయాలి. ఆయన మన పిల్లల్లో కొందరికి సొంత డబ్బుతో బూట్లు కొన్న మనిషి.

చివరిగా ఒక సంగతి. మన దేశపు అమ్మాయిల రగ్బీ జట్టు 15 మంది ఆటని 2018లో మొదలుపెట్టింది. సింగపూర్ చేతిలో ఓడింది. 2019 జూన్‌లో మనీలాలో అదే సింగపూర్‌ని 21-19తో ఓడించింది. ఆ ఆటలో మన అమ్మాయిల తొలి అంతర్జాతీయ గెలుపు అది. ఆ మ్యాచ్‌లో చివరి పెనాల్టీ తన్నింది కిస్‌లో చదివిన సుమిత్రా నాయక్. మొదటి ఏడాది ఓటమి చూసి మనవల్ల కాదని ఎవరైనా జట్టు మూసేసి ఉంటే ఆ రెండు పాయింట్ల గెలుపు ఉండేది కాదు.

ఆదివారం సాయంత్రం మా హాస్టల్ వెనక చింతచెట్టు దగ్గర కూర్చుని కొత్త కాగితం రాద్దాం అనుకుంటున్నాం. పాత కాగితం మీద సంతకం పెట్టిన అన్నలు కూడా రండి. జట్టులో ఆడినవాళ్లు తప్పకుండా రావాలి, ముందు వాళ్లే మాట్లాడతారు. సార్ మీద కోపం ఉన్నవాళ్లు ఆ కోపంతోనే రండి, పర్లేదు. కాకపోతే ఒక్కటి, తర్వాత ఎవరు అనే ప్రశ్నకి ఒక పేరు జేబులో పెట్టుకుని రండి.

జై ఆదివాసీ.